పోస్ట్‌గ్రెస్ క్వెరీ ప్లానర్ – 4వ పాఠం: కాస్ట్ సెట్టింగులు ఎప్పుడు మార్చాలి, ఎంత మార్చాలి

గత మూడు పాఠాల్లో ఎక్స్‌ప్లెయిన్ (క్వెరీ ప్లాన్ చూపించే ఆదేశం) చదవడం, ఇండెక్సులు పనిచేసే తీరు, అనలైజ్ సేకరించే స్టాటిస్టిక్స్ చూశాం. క్వెరీని ఏ దారిలో నడపాలో నిర్ణయించే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ భాగమే ప్లానర్. ఈసారి అది వేసుకునే కాస్ట్ లెక్కలోకి దిగుతున్నాం. క్వెరీ నెమ్మదిగా నడుస్తోందనగానే చాలామంది మొదట చెయ్యి పెట్టేది ఇక్కడే. ఎక్కడో చూసిన విలువ తెచ్చి కాన్ఫిగ్ ఫైల్లో పెట్టేస్తారు. ఒక క్వెరీ బాగుపడుతుంది, ఇంకో రెండు పాడవుతాయి, ఎందుకు పాడయ్యాయో ఎవరికీ అంతుపట్టదు. ఆ టెన్షన్ పడకుండా ఉండాలంటే ఒక క్రమం కావాలి. ముందు ప్లానర్ వేసిన రికార్డుల అంచనా సరిగ్గా ఉందో లేదో చూడాలి. అది సరిగ్గా ఉన్నాకే కాస్ట్ సెట్టింగుల దగ్గరికి రావాలి. ఈ పాఠంలో నేను పట్టుబట్టేది ఈ క్రమం గురించే.

ఆదేశాలన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. మీరు మాత్రం మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేయండి. అండర్‌స్కోర్ ఉన్నచోట అండర్‌స్కోర్ పెట్టండి.

సాధన టేబుల్

రెండో పాఠంలో తయారు చేసుకున్న బిల్లులు టేబుల్‌నే ఇక్కడా వాడదాం. కొత్తగా చేరినవాళ్ల కోసం దాని తీరు మళ్లీ చెబుతాను. జనరేట్_సిరీస్‌తో 10 లక్షల రికార్డులు నింపాం. బిల్లు_నం 1 నుంచి 10 లక్షల దాకా వరుసగా పోతుంది. కస్టమర్_నం 1 నుంచి 10,000 లోపు ఏదో ఒక అంకె, రాండమ్‌గా. కాబట్టి ఒక్కో కస్టమర్‌కు సగటున వంద బిల్లులుంటాయి, అవి టేబుల్ అంతటా చెల్లాచెదురుగా పడి ఉంటాయి. కస్టమర్_నంను 600తో భాగిస్తే వచ్చే శేషం మండలం_నం. దాన్ని 30తో భాగిస్తే వచ్చే శేషం జిల్లా_నం. ఈ నాలుగూ ఇంటీజర్లు. చివరి కాలమ్ 100 అక్షరాల టెక్స్ట్, రికార్డుకు కాస్త బరువు రావడానికి పెట్టాం. బిల్లు_నం, కస్టమర్_నం, మండలం_నం మీద విడివిడిగా ఇండెక్సులున్నాయి. కస్టమర్లు అని 10,000 రికార్డుల చిన్న టేబుల్ ఇంకొకటి ఉంది, దాని ప్రైమరీ కీ కస్టమర్_నం. రెండింటి మీదా వాక్యూమ్ అనలైజ్ నడపండి. తర్వాత మీ సెషన్‌లో ఇది ఇవ్వండి:

సెట్ మాక్స్_పారలల్_వర్కర్స్_పర్_గ్యాదర్ = 0;

పారలల్ వర్కర్లు వచ్చి చేరితే కాస్ట్ అంకెలు చేత్తో లెక్క కట్టడం కష్టమవుతుంది. నేర్చుకునేటప్పుడు వాటిని పక్కన పెట్టడమే మంచిది.

కాస్ట్ అనే అంకె ఎలా వస్తుంది

కాస్ట్‌ను మిల్లీసెకన్లలా చదవకూడదు. ఒక పేజీని (డిస్క్ నుంచి ఒకేసారి చదివే ముక్క) వరుసలో చదవడానికి అయ్యే శ్రమను 1 అనుకుని, మిగతా పనులన్నింటినీ దాంతో పోల్చి చెప్పే అంకె అది. డీఫాల్ట్ విలువలు ఇవి: సీక్_పేజ్_కాస్ట్ 1, రాండమ్_పేజ్_కాస్ట్ 4, సీపీయూ_టపుల్_కాస్ట్ 0.01, సీపీయూ_ఇండెక్స్_టపుల్_కాస్ట్ 0.005, సీపీయూ_ఆపరేటర్_కాస్ట్ 0.0025. పేజీ పని, సీపీయూ పని రెండూ కలిపి ఒకే అంకెగా తూచే ఈ పద్ధతి పాతదే. 1979లో ఐబీఎం సిస్టమ్ ఆర్ మీద ప్యాట్రిషియా సెలింజర్ బృందం ప్రచురించిన పేపర్‌లో దాని రూపం స్పష్టంగా కనిపిస్తుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న రిలేషనల్ ప్లానర్లు చాలావరకు ఆ దారిలో నడిచినవే.

ఒకసారి చేత్తో లెక్క వేద్దాం. ఈ పని ఒక్కసారి చేస్తే చాలు, ఎక్స్‌ప్లెయిన్ అంటే భయం పోతుంది.

మన రికార్డులో హెడర్‌కు 24 బైట్లు పోతాయి. నాలుగు ఇంటీజర్లకు 16, టెక్స్ట్‌కు 101. మొత్తం 141. పోస్ట్‌గ్రెస్ దాన్ని 8 గుణిజానికి పెంచి 144 చేస్తుంది. పేజీలో ఆ రికార్డు ఎక్కడుందో చెప్పే పాయింటర్‌కు ఇంకో 4, అంటే 148. పేజీ సైజు 8,192 బైట్లు, అందులో పేజీ హెడర్‌కు 24 పోతుంది. మిగిలిన 8,168లో 148 బైట్లవి 55 పడతాయి. 10 లక్షల్ని 55తో భాగిస్తే 18,182 పేజీలు, అంటే సుమారు 142 ఎంబీ.

ఇప్పుడు ఎక్స్‌ప్లెయిన్ సెలెక్ట్ * ఫ్రమ్ బిల్లులు, అని కొట్టండి. 18,182 పేజీలకు తలా 1, 10 లక్షల రికార్డులకు తలా 0.01. మొత్తం 28,182. తెర మీద అదే అంకె కనిపించాలి. వేర్ జిల్లా_నం = 15 అని చేర్చి చూడండి. ప్రతి రికార్డు మీదా ఒక పోలిక అదనం, తలా 0.0025 చొప్పున 2,500 కలిసి 30,682 అవుతుంది. మీకు ఒకటి రెండు అంకెలు తేడా వస్తే పీజీ_క్లాస్ అనే సిస్టమ్ టేబుల్‌లో రెల్‌పేజెస్ (పేజీలు), రెల్‌టపుల్స్ (రికార్డులు) చూడండి. రికార్డుల సంఖ్యను ప్లానర్ లెక్కించేది వాటిని బట్టే.

ఇందులో పేజీల సంఖ్యకు అంచనా అవసరం లేదు, ఫైల్ సైజు చూస్తే తెలిసిపోతుంది. అంచనా వేయాల్సింది ఎన్ని రికార్డులు బయటికి వస్తాయన్నది. దాదాపు అన్ని తప్పులూ పుట్టేది అక్కడే.

ముందు రికార్డుల అంచనా

ఈ క్వెరీ నడపండి:

ఎక్స్‌ప్లెయిన్ (అనలైజ్, బఫర్స్) సెలెక్ట్ * ఫ్రమ్ బిల్లులు వేర్ మండలం_నం = 45 అండ్ జిల్లా_నం = 15;

18వ వెర్షన్ వాడుతుంటే బఫర్స్ అని విడిగా రాయక్కర్లేదు, అనలైజ్‌తోనే వస్తుంది. ప్లాన్‌లో రెండు చోట్ల రోస్ అనే అంకె ఉంటుంది. మొదటి బ్రాకెట్‌లోది అంచనా, యాక్చువల్ పక్కనున్నది నిజం. అంచనా 55 దగ్గర్లో ఉంటుంది. నిజంగా వచ్చేవి సుమారు 1,700.

30 రెట్ల తేడా ఎందుకొచ్చింది? మండలం షరతుకు 600లో ఒకటో వంతు, జిల్లా షరతుకు 30లో ఒకటో వంతు అని ప్లానర్‌కు తెలుసు. ఆ రెండింటినీ గుణించింది. 10 లక్షల్ని 18,000తో భాగిస్తే 55 చిల్లర. మండలం తెలిస్తే జిల్లా తెలిసిపోయినట్టేనని, రెండో షరతు కొత్తగా ఒక్క రికార్డునూ వడగట్టదని మనకు తెలుసు. ప్లానర్‌కు ఎవరూ చెప్పలేదు. మన డేటాబేసుల్లో ఇలాంటి జంటలు ఎన్నో: పిన్‌కోడ్–ఊరు, బ్యాంకు–ఐఎఫ్ఎస్‌సీ కోడ్, కారు మోడల్–కంపెనీ.

యాభై మందికి వంట చెప్పి పదిహేడు వందల మంది వస్తే ఎంత మంచి వంటమాస్టరైనా ఏమీ చేయలేడు. అతని సరుకుల ధరల పట్టిక సవరించినంత మాత్రాన భోజనాలు సరిపోవు. ప్లానర్ పరిస్థితీ అదే. ఈ 55 అనే అంచనా పై మెట్టుకు వెళ్లి, అక్కడి టేబుల్‌తో నెస్టెడ్ లూప్ (ఒక్కో రికార్డుకూ రెండో టేబుల్‌లో విడిగా వెతికే జాయిన్) చాలులే అనే నిర్ణయానికి దారి తీస్తుంది. లూప్ 55 సార్లు తిరుగుతుందనుకుంటే 1,700 సార్లు తిరుగుతుంది. ఇంకో మూడు జాయిన్లు ఉంటే తప్పు మెట్టు మెట్టుకూ పెరుగుతూ పోతుంది.

మందు ఇది, 10వ వెర్షన్ నుంచి ఉంది:

క్రియేట్ స్టాటిస్టిక్స్ బిల్లులు_ప్రాంతం (డిపెండెన్సీస్) ఆన్ మండలం_నం, జిల్లా_నం ఫ్రమ్ బిల్లులు;
అనలైజ్ బిల్లులు;

రెండో లైను మరిచిపోకండి. మొదటిది ఏం లెక్కించాలో చెబుతుంది, లెక్కించేది అనలైజే. ఇప్పుడు అదే క్వెరీ మళ్లీ చూస్తే అంచనా 1,600 పైచిలుకు వస్తుంది. ఒక్క కాస్ట్ సెట్టింగునూ ముట్టుకోలేదు.

దీనికో పరిమితి ఉంది, తెలిసి వాడాలి. అదే మండలం 45కు జిల్లా 16 అని అడిగి చూడండి. అలాంటి రికార్డు ఒక్కటీ లేదు, కానీ అంచనా మాత్రం 1,600 పైనే ఉంటుంది. మండలాన్ని బట్టి జిల్లా తేలిపోతుందన్నంతే దానికి తెలుసు, ఏ మండలానికి ఏ జిల్లా అన్నది తెలియదు. అలాంటి ప్రశ్నలు మీ అప్లికేషన్ తరచూ అడుగుతుంటే 12వ వెర్షన్‌లో వచ్చిన ఎంసీవీ (తరచూ వచ్చే విలువలు) రకం ఎంచుకోండి. అది విలువల జంటలనే దాచుకుంటుంది.

అంచనా తప్పడానికి ఇంకో రెండు కారణాలు తరచూ ఎదురవుతాయి. మొదటిది స్టాటిస్టిక్స్ పాతబడటం. ఆటోవాక్యూమ్ (టేబుళ్లను తనంతట తానే శుభ్రం చేసి, అనలైజ్ చేసే ప్రక్రియ) డీఫాల్ట్‌గా టేబుల్‌లో పదో వంతు, దాని మీద ఇంకో 50 రికార్డులు మారితే గానీ అనలైజ్ మొదలుపెట్టదు. మన టేబుల్‌కు అది 1,00,050 రికార్డులు. రాత్రి బల్క్ లోడ్ చేసి తెల్లారగానే రిపోర్టులు తీసే చోట లోడ్ స్క్రిప్ట్ చివర్లోనే అనలైజ్ పెట్టేయాలి. మేజర్ వెర్షన్ అప్‌గ్రేడ్ తర్వాత కూడా ఇదే జాగ్రత్త. పీజీ_అప్‌గ్రేడ్ పాత స్టాటిస్టిక్స్‌ను వెంట తెచ్చుకోవడం 18వ వెర్షన్‌తోనే మొదలైంది, అంతకు ముందు కొత్త సర్వర్ ఖాళీ చేతులతో లేచేది.

రెండోది కాలమ్‌ను ఫంక్షన్‌లో పెట్టి పోల్చడం. లోయర్(పేరు) = ఏదో అని రాస్తే ఆ ఫలితానికి స్టాటిస్టిక్స్ ఉండవు కాబట్టి ప్లానర్ అరశాతం అనుకుంటుంది. 10 లక్షల టేబుల్‌లో కచ్చితంగా 5,000 అనే గుండ్రటి అంచనా కనిపించిందంటే మీరు అనుమానించాల్సింది దీన్నే. ఆ ఎక్స్‌ప్రెషన్ మీద ఇండెక్స్ కడితే అనలైజ్ దానికీ స్టాటిస్టిక్స్ సేకరిస్తుంది. ఇండెక్స్ అవసరం లేకపోతే 14వ వెర్షన్ నుంచి క్రియేట్ స్టాటిస్టిక్స్‌ను ఎక్స్‌ప్రెషన్ మీద కూడా ఇవ్వవచ్చు.

డీఫాల్ట్_స్టాటిస్టిక్స్_టార్గెట్ 100ను మొత్తం డేటాబేస్‌కు 1,000 చేయమని సలహాలు వింటుంటాం. దాన్ని బట్టి అనలైజ్ 300 రెట్ల రికార్డులు నమూనాగా తీసుకుంటుంది. 100కు 30,000, 1,000కి 3 లక్షలు. అనలైజ్ పని, ప్లానింగ్ టైం రెండూ పెరుగుతాయి. విలువలు బాగా ఎగుడుదిగుడుగా ఉన్న ఆ ఒక్క కాలమ్‌కే ఆల్టర్ టేబుల్ ద్వారా పెంచడం నాకు నచ్చిన దారి.

ఒక చిన్న హెచ్చరిక. నెస్టెడ్ లూప్ లోపలి మెట్టులో కనిపించే యాక్చువల్ రోస్ ఒక్క చుట్టుకు సగటు. లూప్స్ అంకెతో గుణిస్తేనే మొత్తం. అంచనా కూడా ఒక చుట్టుకే ఉంటుంది కాబట్టి ఆ రెండింటినీ నేరుగా పోల్చవచ్చు. టైం చూసేటప్పుడు మాత్రం గుణించాలి.

రాండమ్_పేజ్_కాస్ట్

అంచనాలు సరిగ్గా ఉన్నాయి, అయినా ప్లాన్ బాగాలేదు. ఇప్పుడు కాస్ట్ సెట్టింగుల వంతు.

రాండమ్_పేజ్_కాస్ట్ డీఫాల్ట్ 4 ఎలా వచ్చిందో పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్‌లోనే వివరణ ఉంది. తిరిగే డిస్కులో చెల్లాచెదురు పేజీ చదవడం వరుస పేజీ కంటే 40 రెట్లు ఆలస్యం అనుకోండి, అలాంటి పేజీల్లో 90 శాతం ఇప్పటికే కాష్‌లో దొరుకుతాయనుకోండి, అప్పుడు 4 సబబైన అంకె. అంటే ఈ 4లో రెండు ఊహలు కలిసి ఉన్నాయి: ఒకటి డిస్క్ రకం, రెండోది కాష్. మీ సర్వర్‌లో ఎస్ఎస్‌డీ ఉంటే మొదటి ఊహ చెల్లదు. డేటాబేస్ మొత్తం ర్యామ్‌లో పట్టేస్తుంటే రెండోదీ చెల్లదు.

దీని ప్రభావం ఎక్కడ కనిపిస్తుందో చూద్దాం. ఒకే టేబుల్ మీద చిన్న షరతులు పెట్టి పరీక్షిస్తే పెద్దగా ఏమీ తెలియదు. ఎందుకంటే అక్కడ బిట్‌మ్యాప్ స్కాన్ అనే మధ్యేమార్గం ఉంది. కావలసిన పేజీల జాబితా ముందు వేసుకుని, వాటిని వరుస క్రమంలో చదువుతుంది. పేజీలు ఎక్కువయ్యేకొద్దీ పేజీకి వేసే కాస్ట్ 4 నుంచి 1 వైపు దిగుతూ వస్తుంది. మన టేబుల్‌లో 5 శాతం కస్టమర్లను అడిగినా ప్లానర్ బిట్‌మ్యాప్‌నే ఎంచుకుంటుంది. అసలు తేడా జాయిన్లలో బయటపడుతుంది:

ఎక్స్‌ప్లెయిన్ (అనలైజ్, బఫర్స్) సెలెక్ట్ * ఫ్రమ్ కస్టమర్లు క జాయిన్ బిల్లులు బ ఆన్ బ.కస్టమర్_నం = క.కస్టమర్_నం వేర్ క.కస్టమర్_నం బిట్వీన్ 1 అండ్ 200;

ప్లానర్ ముందు రెండు దారులున్నాయి. ఒకటి బిల్లులు మొత్తం చదివి హాష్ జాయిన్ చేయడం, అంటే కస్టమర్లను మెమరీలో హాష్ టేబుల్‌గా పెట్టుకుని ప్రతి బిల్లునూ దాంతో పోల్చడం. స్కాన్‌కు 28,182, హాష్ పోలికలకు ఇంకో 2,500 పైన, మొత్తం 31,000 దగ్గర. రెండోది 200 మంది కస్టమర్లకు ఒక్కొక్కరి చొప్పున ఇండెక్స్‌లో వెతకడం. 200 మందికి 20,000 బిల్లులు, అన్నీ చెల్లాచెదురు. ఒక పేజీలో 55 బిల్లులున్నాయి కాబట్టి కొన్ని పేజీలు మళ్లీ మళ్లీ తగులుతాయి. మాకర్ట్, లోమన్ 1989లో ప్రచురించిన సూత్రంతో ప్లానర్ దాన్ని లెక్కిస్తుంది: పేజీల రెట్టింపును రికార్డుల సంఖ్యతో గుణించి, ఆ రెట్టింపు, రికార్డులు కలిపిన మొత్తంతో భాగించాలి. 36,364ను 20,000తో గుణించి 56,364తో భాగిస్తే దాదాపు 12,900 పేజీలు. తలా 4 చొప్పున 51,000 పైన. హాష్ జాయిన్ గెలుస్తుంది.

ఇప్పుడు సెట్ రాండమ్_పేజ్_కాస్ట్ = 1.1; అని ఇచ్చి మళ్లీ నడపండి. అవే 12,900 పేజీలు, తలా 1.1 చొప్పున 14,000 చిల్లర. నెస్టెడ్ లూప్ వస్తుంది. లోపల ఇండెక్స్ స్కాన్ ఉండవచ్చు, బిట్‌మ్యాప్ హీప్ స్కాన్ ఉండవచ్చు. క్వెరీ మారలేదు, డేటా మారలేదు, రికార్డుల అంచనా కూడా మారలేదు. డిస్క్ గురించి మనం చెప్పిన మాట మాత్రమే మారింది.

ఏది నిజంగా వేగంగా ఉందో మీ మిషన్ చెప్పాలి. ఒక్కో ప్లాన్‌నూ మూడు నాలుగు సార్లు నడపండి. మొదటిసారి వచ్చిన టైం డిస్క్ నుంచి చదివినది కావచ్చు, దాన్ని విడిగా రాసుకోండి. బఫర్స్ లైనులో హిట్ అంటే షేర్డ్ బఫర్స్‌లో (పోస్ట్‌గ్రెస్ సొంత కాష్) దొరికినవి, రీడ్ అంటే బయటి నుంచి తెచ్చుకున్నవి. రీడ్ అన్నవి కూడా ఆపరేటింగ్ సిస్టమ్ కాష్ నుంచి వచ్చి ఉండవచ్చు. షేర్డ్_బఫర్స్ డీఫాల్ట్ 128 ఎంబీ, మన టేబుల్ 142 ఎంబీ, అందుకే ఎన్నిసార్లు నడిపినా కొన్ని రీడ్లు మిగులుతుంటాయి.

ప్లానర్ వద్దన్న ప్లాన్ ఎలా ఉండేదో చూడటానికి ఎనేబుల్_హాష్‌జాయిన్ = ఆఫ్, ఎనేబుల్_నెస్ట్‌లూప్ = ఆఫ్ లాంటివి ఉన్నాయి. వీటిని పరీక్షకు మాత్రమే వాడండి. కాన్ఫిగ్ ఫైల్లో శాశ్వతంగా పెట్టడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ సమర్థించను. ఒక రిపోర్టు కోసం నెస్టెడ్ లూప్ ఆపేస్తే, ప్రైమరీ కీతో ఒక్క రికార్డు తెచ్చుకునే వందల చిన్న జాయిన్లకూ అదే శిక్ష పడుతుంది. సెషన్‌లో ఆఫ్ చేసి, రెండో ప్లాన్ కాస్ట్, టైం రాసుకుని, రీసెట్ చేసేయండి. ఇప్పుడు మీ చేతిలో నాలుగు అంకెలుంటాయి: రెండు ప్లాన్ల కాస్ట్‌లు, రెండు ప్లాన్ల టైంలు. కాస్ట్ ఎక్కువన్న ప్లానే టైం తక్కువ తీసుకుంటూ, రెండింటిలోనూ రికార్డుల అంచనాలు సరిగ్గా ఉంటే, కాస్ట్ సెట్టింగులు మీ మిషన్‌కు సరిపోలేదని అర్థం. అంచనాలే తప్పయితే పై భాగానికి వెనక్కి వెళ్లాలి. ఈ తనిఖీ చేయకుండా రాండమ్_పేజ్_కాస్ట్ మార్చేవాళ్లు చాలాసార్లు తప్పు అంచనాను తప్పు కాస్ట్‌తో కప్పేస్తుంటారు. డేటా పెరిగినప్పుడు ఆ అతుకు ఊడిపోతుంది.

మరి ఎంత పెట్టాలి? సర్వర్‌కే తగిలించిన ఎస్ఎస్‌డీ అయితే 1.1తో మొదలుపెట్టండి. క్లౌడ్‌లో నెట్‌వర్క్ మీదుగా వచ్చే డిస్క్ అయితే 1.1 నుంచి 2 మధ్య, మీ ముఖ్యమైన పది క్వెరీలతో పైన చెప్పిన నాలుగు అంకెల పరీక్ష చేసి తేల్చుకోండి. తిరిగే డిస్కుల మీద డేటా ర్యామ్‌కు మించి ఉంటే 4ను అలాగే ఉంచండి. సీక్_పేజ్_కాస్ట్ కంటే తక్కువకు ఎప్పుడూ దించకండి, చెల్లాచెదురుగా చదవడం వరుసగా చదవడం కంటే చవక అయ్యే మిషన్ ఏదీ లేదు. పాత డేటా నెమ్మది డిస్క్ మీద, కొత్తది ఎస్ఎస్‌డీ మీద ఉంచుకున్నవాళ్లు ఆల్టర్ టేబుల్‌స్పేస్‌తో దేనికి దానికి వేరే విలువ ఇవ్వవచ్చు. ఈ సదుపాయం ఉందని తెలియనివాళ్లే ఎక్కువ.

బిల్లు_నం మీద రేంజ్ అడిగితే మాత్రం 4 ఉన్నా 1.1 ఉన్నా ఇండెక్స్ స్కానే వస్తుంది. పీజీ_స్టాట్స్‌లో ఆ కాలమ్ కోరిలేషన్ 1 అని కనిపిస్తుంది, అంటే ఇండెక్స్ క్రమం, టేబుల్‌లో రికార్డులు పడి ఉన్న క్రమం ఒకటే. ప్లానర్ దాన్ని వరుస చదువుగానే లెక్కేస్తుంది. కస్టమర్_నం కోరిలేషన్ సున్నా దగ్గర ఉంటుంది.

ఎఫెక్టివ్_కాష్_సైజ్, వర్క్_మెమ్

ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు, స్వభావాలు పూర్తిగా వేరు.

ఎఫెక్టివ్_కాష్_సైజ్ ఒక్క బైటు మెమరీ కూడా తీసుకోదు. షేర్డ్ బఫర్స్, ఆపరేటింగ్ సిస్టమ్ కాష్ కలిపి డేటాకు ఎంత మెమరీ దొరుకుతుందో ప్లానర్‌కు చెప్పే సమాచారం మాత్రమే. పైన 20,000 చదువులు 12,900 పేజీలకు తగ్గాయి కదా, ఒకసారి తెచ్చిన పేజీ కాష్‌లోనే ఉంటుందన్న నమ్మకంతోనే అలా తగ్గాయి. డీఫాల్ట్ 4 జీబీ, మన 142 ఎంబీ టేబుల్‌కు అది చాలా ఎక్కువ. సెషన్‌లో 32 ఎంబీకి దించి అదే నెస్టెడ్ లూప్ ప్లాన్ చూడండి, కాస్ట్ పెరుగుతుంది. పేజీలు కాష్ నుంచి జారిపోయి మళ్లీ చదవాల్సి వస్తుందని ప్లానర్ కలుపుకుంటుంది. డేటాబేస్‌కే కేటాయించిన సర్వర్‌లో ర్యామ్‌లో సగం నుంచి ముప్పావు వంతు పెట్టడం మామూలు. 16 జీబీ సర్వర్ అయితే 12 జీబీ పెట్టవచ్చు. అదే మిషన్ మీద అప్లికేషన్ కూడా నడుస్తుంటే ఆ మేరకు తగ్గించండి.

వర్క్_మెమ్ అలా కాదు, అది నిజంగా మెమరీ ఖర్చు పెట్టిస్తుంది. డీఫాల్ట్ 4 ఎంబీ. క్వెరీ మొత్తానికి ఇంత అని కాదు, ప్లాన్‌లో ఒక్కో సార్ట్‌కు, ఒక్కో హాష్‌కు ఇంత అని. హాష్‌లకైతే హాష్_మెమ్_మల్టిప్లయర్‌తో గుణిస్తుంది, 15వ వెర్షన్ నుంచి దాని డీఫాల్ట్ 2. 200 కనెక్షన్లు, ఒక్కో క్వెరీలో 3 సార్ట్‌లు, వర్క్_మెమ్ 64 ఎంబీ అనుకోండి. అన్నీ ఒకేసారి నిండితే 37.5 జీబీ. 16 జీబీ సర్వర్‌లో ఆ రోజు డేటాబేస్ ప్రాసెస్‌ను ఆపరేటింగ్ సిస్టమే చంపేస్తుంది.

తక్కువైతే ఏమవుతుందో చూడటానికి సెలెక్ట్ * ఫ్రమ్ బిల్లులు ఆర్డర్ బై జిల్లా_నం; అని అనలైజ్‌తో నడపండి. సార్ట్ మెథడ్ దగ్గర ఎక్స్‌టర్నల్ మెర్జ్ అని, పక్కన డిస్క్ వాడకం వంద ఎంబీ దాటి కనిపిస్తుంది. హాష్ మెట్టులో అయితే బ్యాచెస్ 1 కంటే ఎక్కువ ఉండటం, బిట్‌మ్యాప్ హీప్ స్కాన్‌లో హీప్ బ్లాక్స్ దగ్గర లాసీ అనే అంకె రావడం మెమరీ చాలలేదన్న గుర్తులు. ప్లానర్ కూడా వర్క్_మెమ్‌ను చూసే కాస్ట్ వేస్తుంది. కాబట్టి దాన్ని పెంచితే ఉన్న సార్ట్ వేగం కావడమే కాదు, మెర్జ్ జాయిన్ స్థానంలో హాష్ జాయిన్ రావచ్చు, ప్లాన్ ఆకారమే మారవచ్చు.

నా పద్ధతి: సర్వర్ మొత్తానికి నిదానంగా 8 లేదా 16 ఎంబీ. పెద్ద రిపోర్టులు నడిపే యూజర్‌కు ఆల్టర్ రోల్‌తో ఎక్కువ. ఒక్క క్వెరీకే కావాలంటే ట్రాన్సాక్షన్ లోపల సెట్ లోకల్, కమిట్ అవ్వగానే అదే పాత విలువకు వచ్చేస్తుంది.

ఎక్కడ మార్చాలన్నదానికీ ఇదే వరుస. ముందు సెషన్‌లో సెట్, నిలకడగా మంచి ఫలితం వస్తే రోల్‌కో డేటాబేస్‌కో, చివరగా ఆల్టర్ సిస్టమ్. ఇక్కడ చెప్పిన వాటిలో షేర్డ్_బఫర్స్ తప్ప మిగతా వాటికి రీస్టార్ట్ అక్కర్లేదు, పీజీ_రీలోడ్_కాన్ఫ్ పిలిస్తే చాలు. సర్వర్ మొత్తానికి మార్చే ముందు పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ నుంచి ఎక్కువ టైం తినే క్వెరీల జాబితా తీసి, పాత ప్లాన్లు ఒక ఫైల్లో దాచుకోండి. రాండమ్_పేజ్_కాస్ట్ దించితే చాలా క్వెరీల మొత్తం కాస్ట్ తగ్గుతుంది. దాంతో 1,00,000 కాస్ట్ దాటితే మొదలయ్యే జిట్ కంపైలేషన్ (క్వెరీలో కొంత భాగాన్ని నడిచేటప్పుడే మెషిన్ కోడ్‌గా మార్చడం) కొన్నింటికి ఆగిపోవచ్చు, పారలల్ ప్లాన్లు కొన్ని మామూలు ప్లాన్లుగా మారవచ్చు. ఇవి తరచూ మంచికే జరుగుతాయి. కానీ పాత ప్లాన్ చేతిలో లేకపోతే ఏం మారిందో పోల్చి చూడలేరు.

అభ్యాసం

ఒకటి. రాండమ్_పేజ్_కాస్ట్ 4 ఉంచి, పై జాయిన్‌లో 200 స్థానంలో 50, 80, 100, 120, 150 పెట్టి చూడండి. ఏ అంకె దగ్గర నెస్టెడ్ లూప్ పోయి హాష్ జాయిన్ వస్తోంది? ముందు పై సూత్రంతో కాగితం మీద లెక్క కట్టి, తర్వాతే నడపండి. లోపల బిట్‌మ్యాప్ వస్తే పేజీకి 4 కంటే కొంచెం తక్కువ పడుతుందని గుర్తుంచుకోండి.

రెండు. ఆ అంకె దగ్గరే రెండు ప్లాన్ల టైంలు కొలవండి. రెండూ దాదాపు సమానంగా ఉంటే మీ మిషన్‌కు 4 సరైనదే. నెస్టెడ్ లూప్ చాలా ముందుంటే, ఏ విలువ పెడితే మారే చోట టైంలు దగ్గరవుతాయో 0.5 చొప్పున దించుతూ వెతకండి.

మూడు. బిల్లులు_ప్రాంతం స్టాటిస్టిక్స్‌ను డ్రాప్ చేసి, మండలం, జిల్లా షరతులు రెండూ పెట్టి కస్టమర్లు టేబుల్‌తో జాయిన్ రాయండి. ప్లాన్ దాచుకుని, స్టాటిస్టిక్స్ మళ్లీ కట్టి, అనలైజ్ చేసి, రెండు ప్లాన్లనూ పక్కపక్కన పెట్టండి. జాయిన్ పద్ధతి మారిందా, మారకపోతే కాస్ట్‌లు ఎంత దగ్గరకొచ్చాయి?

5వ పాఠంలో జాయిన్ల వరుస చూద్దాం: జాయిన్_కొలాప్స్_లిమిట్ 8 దాటితే ఏమవుతుంది, టేబుళ్లు 12కు చేరితే జెక్వో (అన్ని వరుసలూ చూడకుండా, జెనెటిక్ పద్ధతిలో కొన్నే వెతికే ప్లానర్ భాగం) ఎందుకు రంగంలోకి దిగుతుంది అన్నది. మూడో అభ్యాసంలో దాచుకున్న ప్లాన్లు అప్పుడు కావాలి, చెరిపేయకండి.